అప్‌డేట్: ఫిట్‌నెస్ డీవీడీ కవర్ ప్రింట్‌కి వెళ్లింది

వ్యాయామం, పోషకాహారం డీవీడీకి ఫోటోషాప్‌లో కవర్ చేస్తున్నానని, స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ప్రూఫ్‌లో (ప్రింట్‌కి ముందు తీసే నమూనాలో) వెలవెలబోతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మీరన్నది నిజమే, ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే సిరాలతో (సయాన్ నీలం, మెజెంటా గులాబీ, పసుపు, నలుపు) ఆ నియాన్ పచ్చ రాదు. వ్యూ మెనూలో, ప్రింట్ రంగులు ఎలా వస్తాయో స్క్రీన్ మీదే చూపించే ప్రూఫ్ కలర్స్ ఆన్ చేసుకుని, మెజెంటా దాదాపు తీసేసి, పసుపు పెంచాను. అయినా చప్పగానే ఉంది. వెనక తెల్ల బ్యాక్‌గ్రౌండ్ తీసి ముదురు బూడిద రంగు పెట్టాక అదే పచ్చ ఎగిరి కనిపించింది! రంగుతో కుస్తీ పట్టే బదులు పక్క రంగు మార్చమన్న వారికి ప్రత్యేకంగా ఓ దండం.

సైజు 273 × 183 మిల్లీమీటర్లు, మధ్యలో వెన్ను (డబ్బా పక్క పట్టీ) 14. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు), 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు). ఇందులో టెన్షన్ ఏమీ లేదు.

ట్రైనర్ ఫోటోని బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీసేటప్పుడు జుట్టు అంచులకి సెలెక్ట్ అండ్ మాస్క్‌లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్ వాడాను. చెవి పక్కన మిగిలిన తెల్లటి గీత డీకంటామినేట్ కలర్స్ టిక్ చేస్తే పోయింది. నడుము సన్నం చేయమని క్లయింట్ అడిగారు, నేను ఒప్పుకోలేదు. లోపల వీడియోలో అదే మనిషి కనిపిస్తుంది మరి! పండ్ల ప్లేటు ఫోటో మాత్రం వెనక వైపుకి, బార్‌కోడ్ ఉన్న తెల్ల పెట్టెకి పై భాగంలోకి మార్చాను. ముందు వైపు ట్రైనర్, పండ్ల ప్లేటు రెండూ ఉంటే చూపు దేని మీదా నిలవట్లేదు.

ఇక డిస్క్ లేబుల్ మిగిలింది. 120 మిల్లీమీటర్ల వృత్తంలో మధ్య రంధ్రం ట్రైనర్ ముఖం మీద పడకుండా ఎలా సర్దుతారో చెప్పండి.