సమీకరణం ఇస్తే చేస్తాడు, అదే మాటల్లో ఇస్తే ఆగిపోతున్నాడు

టెక్కలి అమ్మ:
మా అబ్బాయి ఎనిమిదో తరగతి. 5క − 8 = 2క + 7 లాంటివి ఇస్తే టకటకా చేసి 5 అని చెప్పేస్తాడు (ఫోన్లో భాష మార్చడానికి బద్ధకం, ఎక్స్ బదులు క అని రాస్తున్నా, ఏమనుకోకండి). కానీ "తల్లి వయసు కొడుకు వయసుకు 3 రెట్లు, 12 ఏళ్ల తర్వాత 2 రెట్లు అవుతుంది, ఇప్పుడు ఎవరి వయసెంత" అని అడిగితే పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. నిన్న ఎలాగో 3క + 12 = 2క + 12 అని రాశాడు, క = 0 వచ్చింది, దాని కింద రెండు గీతలు కూడా గీశాడు. తప్పని తెలుస్తోంది గానీ ఎక్కడ తప్పిందో వాడికి ఎక్కేలా చెప్పలేకపోతున్నా, నాది బైపీసీ. ట్యూషన్ మాష్టారేమో ప్రాక్టీస్ చేయించమ్మా అంటారు, అంతే.

విజయనగరం లెక్కల మాష్టారు:
అమ్మా, సున్నా అంటే కొడుకు ఇవాళే పుట్టాడు, దానికి 3 రెట్లూ సున్నాయే కాబట్టి తల్లి కూడా ఇవాళే పుట్టింది! ముందు ఇది చెప్పి కాసేపు నవ్వనివ్వండి, జవాబును కథలో పెట్టి చూడటం అప్పుడే అలవాటవుతుంది.

తర్వాత సమానం గుర్తు పెట్టనివ్వకుండా నాలుగు ముక్కలు రాయించండి. ఇప్పుడు కొడుకు క, తల్లి 3క. 12 ఏళ్ల తర్వాత కొడుకు క + 12, తల్లి 3క + 12. ఇక "2 రెట్లు" దేనికి అని అడగండి. కొడుకు అప్పటి వయసుకి, అంటే క + 12 మొత్తానికి. మీవాడు క ఒక్కదాన్నే రెట్టింపు చేసి 12ని వదిలేశాడు, బ్రాకెట్ పెట్టకపోతే జరిగేది ఇదే.

3క + 12 = 2(క + 12)
3క + 12 = 2క + 24
క = 12

కొడుక్కి 12, తల్లికి 36. 12 ఏళ్లు పోతే 24, 48, సరిపోయింది. ఇంకోటి, "క = కొడుకు" అని రాస్తే ఒప్పుకోకండి, "క = కొడుకు ఇప్పటి వయసు, ఏళ్లలో" అని పూర్తిగా రాయాలి. సగం తప్పులు అక్కడే పుడతాయి.

కాశీబుగ్గ జీడిపప్పు:
మా కొట్లో ఇవన్నీ నోటిలెక్కలే అండి. కిలో 900ది, 700ది కలిపి 10 కిలోలు, మొత్తం 7800 కావాలి (లెక్క కోసం వేసిన రేట్లు, ఆర్డర్లు పెట్టకండి బాబూ). అన్నీ 700వే అనుకుంటే 7000. ఇంకా 800 తక్కువ. ఒక కిలో మారిస్తే 200 పెరుగుతుంది, అంటే 4 కిలోలు మార్చాలి. 900ది 4, 700ది 6. క ఎందుకు, బ్రాకెట్ ఎందుకు?

రాజాం ఇంజినీరింగ్:
అన్నా, నువ్వు చేసిందీ సమీకరణమే, కాగితం మీద పెట్టలేదంతే. 900క + 700(10 − క) = 7800 అని రాసి విప్పితే 200క + 7000 = 7800, ఆపైన 200క = 800 వస్తుంది. నీ 7000, నీ 800, నీ 200 అన్నీ అందులోనే ఉన్నాయి చూడు. అమ్మగారూ, మీవాడికి రెండూ పక్కపక్కన చూపించండి, ప్రతి లైనుకీ ఒక అర్థం ఉందని తెలుస్తుంది.

నాకు నచ్చనిది ఒకటుంది, "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టించడం. దానివల్లే పిల్లలు 2క = 6 కనిపించగానే క = 6 − 2 = 4 అని రాసేస్తారు. అక్కడ 2 కూడిక కాదు, గుణకారం. రెండు వైపులా 2తో భాగించాలి, క = 3.

విజయనగరం లెక్కల మాష్టారు:
నిజమే గానీ పరీక్షలో ప్రతిసారీ "రెండు వైపులా 12 తీసివేయగా" అని రాస్తూ కూర్చుంటే టైము చాలదు. మొదట నెల రోజులు రెండు వైపులా చేయించి, అది కుదిరాకే పక్షాంతరం (సమానం గుర్తుకి అటు పంపి గుర్తు మార్చడం) నేర్పాలి. మేం క్లాసులో తిరగేసి చేస్తున్నాం, అది ఒప్పుకుంటా.

అమ్మా, ఈ లెక్క ఇచ్చి చూడండి: బస్సులో ఫుల్ టికెట్ 60, హాఫ్ 30, మొత్తం 40 టికెట్లు, వసూలు 2040. హాఫ్ టికెట్లు ఎన్ని?

టెక్కలి అమ్మ:
చేశాడండీ! ఫుల్ టికెట్లు క అనుకుని 60క + 30(40 − క) = 2040 వరకూ తనే వచ్చాడు, నేను నోరు తెరవలేదు. 30క = 840, క = 28 అని రాసి పుస్తకం మూసేశాడు. అడిగింది హాఫ్ కదరా అంటే మళ్లీ తెరిచి 12 అని రాశాడు.

విజయనగరం లెక్కల మాష్టారు:
దానికి నేనైతే మార్కు కోస్తాను. "కాబట్టి హాఫ్ టికెట్లు 12" అని చివర్లో మాటల్లో రాయించండి, అది రాసేటప్పుడు ప్రశ్న మళ్లీ చదవక తప్పదు.