నవంబర్‌లో కొన్న గానుగ, మార్చిలో తీసిన నూనె: ఈ యేడు డిప్రిసియేషన్ ఎంత రాసుకోవాల?

కదిరి_గానుగ:

అందరికీ నమస్తే. మాది కదిరి పక్కన పల్లె. మా అన్నా నేనూ కలిసి 2025 ఆగస్టులో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టి మొదట శెనక్కాయ విత్తనాల కొనుగోలు అమ్మకం మాత్రమే చేస్తావుంటిమి, తర్వాత మోటారుతో తిరిగే చెక్క గానుగలు రెండు తెచ్చినాం. బిల్లు నవంబర్ 18ది, గానుగలు 4 లక్షలు, జీఎస్టీ 72 వేలు, మొత్తం 4,72,000. ఆ జీఎస్టీ ఇన్‌పుట్ (మేం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేది) తీసేసుకున్నాం. లారీ బాడుగ, దించిన కూలి 14 వేలు, కింద కాంక్రీటు దిమ్మెకి 16 వేలు అయినాయి. త్రీ ఫేజ్ కనెక్షన్ కోసం తిరిగి తిరిగి ఫిబ్రవరి 20కి వచ్చింది, మార్చి 2న మొదటి గానుగ నూనె తీసి అమ్మినాం. బ్యాంకు లోన్ ఉండాది, మార్చి 2 వరకు కట్టిన వడ్డీ 10 వేలు.

షెడ్డుకి 6 లక్షలు అయింది, పిల్లర్లు లేపి పైన రేకులు వేసినాం, స్థలం మా అన్న పేరు మీద ఉండాది. బిల్లింగ్ కంప్యూటర్ 38 వేలు, ఆగస్టు 10న కొన్నాం, ఆ రోజు నుంచే వాడతావున్నాం.

మా లెక్కలు రాసే ఆయన డిప్రిసియేషన్ (అరుగుదల కింద ఆస్తి ఖరీదులో యేటా కొంత ఖర్చుగా రాసుకునేది) సగమే వస్తాది, గానుగల మీద ఏడున్నర శాతం అన్నాడు. పక్క మిల్లు ఆయనేమో ఈ యేడు లాభం తక్కువ కదా, డిప్రిసియేషన్ రాయకుండా దాచుకోండి, లాభం వచ్చిన యేడు ఒకేసారి రాసుకోవచ్చు అంటాడు. ఎవరి మాట వినాల? 4,72,000 మీద లెక్క కట్టాలనా, 4 లక్షల మీదనా?

పద్దుల_పుస్తకం (గుంటూరు):

ముందు పక్క మిల్లు ఆయన మాట పక్కన పెట్టేయండి. దాచుకోవడం అనేది చట్టంలో లేదండి, మీరు రాసినా రాయకపోయినా డిప్రిసియేషన్ తీసుకున్నట్టే లెక్క వేసి వచ్చే ఏడాది విలువ తగ్గించేస్తారు, అంటే రాయకపోతే ఆ డబ్బు పోయినట్టే. లాభం చాలకపోతే భయం లేదు, మిగిలిన డిప్రిసియేషన్ రాబోయే సంవత్సరాలకి వెళ్తుంది, దానికి ఇన్నేళ్లని గడువు కూడా లేదు. మామూలు వ్యాపార నష్టానికైతే 8 ఏళ్లే.

ఇప్పుడు గానుగల ఖరీదు. జీఎస్టీ ఇన్‌పుట్ తీసుకున్నారు కాబట్టి ఆ 72 వేలు ఖరీదులో కలపకూడదు, ఒకే రూపాయికి రెండు లాభాలు ఇవ్వరు. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం కట్టేసే పద్ధతి) ఉండి ఇన్‌పుట్ రాని వాళ్లయితే కలుపుకోవచ్చు. కానీ లారీ బాడుగ, దిమ్మె ఖర్చు, మిషన్ తిరగడం మొదలయ్యే దాకా లోన్ వడ్డీ ఇవన్నీ ఖరీదులోకే వస్తాయి. మీ లెక్కలో 4,00,000 + 14,000 + 16,000 + 10,000, మొత్తం 4,40,000. మార్చి 2 తర్వాత వడ్డీ మామూలు ఖర్చుగా రాసుకోండి.

మిషన్లకి రేటు 15 శాతం. కొన్న ఏడాదిలోనే 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగం, అంటే 33,000. ఇక్కడిదాకా మీ లెక్కలాయన కరెక్టే.

ఆయన వదిలేసింది ఇంకొకటి ఉంది, నన్నడిగితే అసలు ముఖ్యమైంది అదే. గింజ పోసి నూనె తీయడం అంటే తయారీ. తయారీ చేసేవాళ్లు కొత్త మిషన్ కొంటే మామూలు 15 కాక అదనంగా 20 శాతం ఉంది. 180 రోజుల రూలు దీనికీ ఉంది కాబట్టి ఈ ఏడాది 10 శాతం అంటే 44,000, మిగిలిన 44,000 వచ్చే ఏడాది. వ్యక్తిగతంగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఇది రాదు, అందుకే చాలామంది అసలు లేదనుకుంటారు, కానీ మీది ఫర్మ్, ఫర్మ్‌కి ఆ విధానమే వర్తించదు, మీకు వస్తుంది. రెండూ కలిపితే గానుగల మీదే 77,000. ఫర్మ్‌కి సెస్‌తో కలిపి 31.2 శాతం పన్ను, అంటే సుమారు 24 వేలు మిగులుతాయి, దీన్ని వదులుకోవద్దు. ఒకటి చూసుకోండి, గానుగలు కొత్తవే కదా? సెకండ్ హ్యాండ్ అయితే 15 వస్తుంది కానీ అదనపు 20 రాదు.

కంప్యూటర్‌కి 40 శాతం, ఆగస్టు నుంచి వాడుతున్నారు కాబట్టి పూర్తిగా 15,200. ఆఫీసులో పెట్టిన కంప్యూటర్‌కి అదనపుది ఉండదు.

షెడ్డు గురించి చెప్పే ముందు రెండు విషయాలు కావాలి. స్థలం అన్నగారి పేరు మీద ఉంటే ఫర్మ్‌కి లీజు రాసిచ్చారా? డబ్బు ఎలా కట్టారు?

కదిరి_గానుగ:

గానుగలు కొత్తవే అన్నా. లీజు కాగితం షెడ్డు మొదలుపెట్టక ముందే రాసుకున్నాం. డబ్బులు అన్నీ బ్యాంకు నుంచే పోయినాయి, రేకులు బిగించిన వెల్డరుకి మాత్రం 90 వేలు ఒకేరోజు చేతికిచ్చినాం, ఆయన అకౌంట్ వద్దన్నాడు.

పద్దుల_పుస్తకం (గుంటూరు):

లీజు ఉంది కాబట్టి అద్దె స్థలంలో ఫర్మ్ కట్టుకున్న షెడ్డుకి ఫర్మ్‌కే డిప్రిసియేషన్ వస్తుంది, స్థలానికి మాత్రం ఎవరికీ రాదు. కానీ ఆ 90 వేలు ఖరీదులోంచి పోయాయండి. ఆస్తి కోసం ఒకే మనిషికి ఒకే రోజు 10 వేలకి మించి నగదు ఇస్తే ఆ మొత్తం లెక్కలోకే రాదు, పైన 80 వేలు మాత్రమే కాదు, మొత్తం 90 పోతుంది. మిగిలింది 5,10,000, బిల్డింగ్ రేటు 10, మీకు ఇదీ 180 రోజుల లోపు వాడకమే అయితే సగం, 25,500. షెడ్డులో వేసిన వైరింగ్, స్విచ్‌లు, ఫ్యాన్లు బిల్డింగ్‌లో కలపకండి, అవి ఫర్నిచర్ ఫిట్టింగుల కిందకి వస్తాయి, రేటు అదీ పదే అయినా బ్లాక్ (ఒకే రకం ఆస్తుల్ని కలిపి లెక్కేసే గుంపు) వేరు.

గిర్ని_నిజామాబాద్:

తమ్ముడూ, లెక్క అంతా పైన అన్న మంచిగ చెప్పిండు, నేను నా అనుభవం ఒకటి చెప్తా. మాది పసుపు గిర్ని. ఒక యేడు ఫిబ్రవరిల కొత్త పల్వరైజర్ (పొడి కొట్టే మిషన్) తెచ్చి, మార్చి ఆఖర్ల నడిపిచ్చి, సగం డిప్రిసియేషన్ రాసుకున్నం. తర్వాత నోటీసు వచ్చింది, మార్చిల మిషన్ నడిచిందని చూపియ్యమన్నరు. మా దగ్గర కొన్న బిల్లు ఉంది, బిగించినోడి రసీదు ఉంది, నడిచినట్టు మాత్రం ఒక్క కాయితం లేదు. ఆ నెల కరెంటు బిల్లు ఏడ పోయిందో దొరకలే, పట్టిచ్చిన పసుపు కూడ మా ఇంటిదే, అమ్మకం బిల్లు ఎట్లుంటది. ఆ యేడుది కొట్టేసిండ్రు. మిషన్ నిజంగ నడిచింది, నా చేతులే పచ్చగైనయి, కాని ఏం చూపియ్యాలె?

అందుకే నువ్వు మార్చి మీటర్ రీడింగ్ బిల్లు, గింజ కొన్న బిల్లు, మార్చి 2న అమ్మిన నూనె ఇన్‌వాయిస్, స్టాక్ రిజిస్టర్ల ఎన్ని కిలోల గింజకు ఎన్ని లీటర్లు, నూనె తీసినంక మిగిలే చెక్క ఎంత వచ్చింది, ఇవన్ని ఒక్క ఫైల్ల పెట్టు. బిల్లు తేదీ కాదు, మిషన్ తిరిగిన తేదీ చూస్తరు.

కొత్త_యూనిట్ (రాజమండ్రి):

మధ్యలో ఒక డౌటు. మేము కూడా జనవరిలో మిషన్ కొన్నాం, ఇంకా బిగించలేదు, జూన్ 2026 అవుతుంది. మాకు రెండేళ్లూ సగం సగమేనా?

పద్దుల_పుస్తకం (గుంటూరు):

కాదండి. సగం రూలు కొన్న ఏడాదే వాడకం మొదలై, అదీ 180 రోజులకి తగ్గితేనే. మీకు 2025-26లో వాడకమే లేదు కాబట్టి ఆ ఏడాది సున్నా, 2026-27లో మామూలు రేటు పూర్తిగా 15 శాతం వస్తుంది, ఎన్ని రోజులు వాడారన్నది అడగరు. అలాగని మార్చిలో మొదలుపెట్టి కదిరి వాళ్లు నష్టపోయారనుకోకండి, ఈ ఏడాది 33,000, వచ్చే ఏడాది అదనపుది కాకుండా లెక్కేసినా మిగిలిన 4,07,000 మీద 61,050, కలిపితే 94,050. ఏప్రిల్‌లో మొదలుపెట్టుంటే ఒక్క 66,000తో ఉండేవాళ్లు. ఇకమీదట కొనేవాళ్లు అక్టోబర్ 3 గుర్తుపెట్టుకోండి, మామూలు సంవత్సరంలో ఆ రోజుకి వాడకం మొదలైతే మార్చి 31కి సరిగ్గా 180 రోజులు, పూర్తి రేటు. 4వ తేదీ అయితే 179.

కదిరి_గానుగ:

అన్నా, చానా థ్యాంక్స్. అదనపు 20 శాతం సంగతి మా లెక్కలాయనకి ఫోన్ చేసి చెప్తే ఆయన ఇంకోసారి చూస్తానన్నాడు. మార్చి కరెంటు బిల్లు దొరికింది. మార్చి 2 ఇన్‌వాయిస్ నంబర్ 1, ఐదు లీటర్లు, మా ఊరి హోటలాయన కొన్నాడు, ఫైల్లో పెట్టినా. పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం పథకం) సబ్సిడీకి అప్లై చేసినాం, ఇంకా రాలేదు, అది వస్తే ఖరీదులో తగ్గించాల్నా?

పద్దుల_పుస్తకం (గుంటూరు):

తగ్గించాలండి. మిషన్ కోసం వచ్చిన సబ్సిడీ ఎంతైతే అంత మిషన్ ఖరీదులోంచి తీసేయాలి. మంజూరు ఉత్తరం రాగానే లెక్కలాయనకి ఒక కాపీ ఇవ్వండి.