ఖరగ్‌పూర్‌లో మెటలర్జీనా, కూకట్‌పల్లిలో సీఎస్‌ఈనా?

నిజాంపేట మామ:
మా అక్క కూతురికి జోసాలో (ఐఐటీ సీట్ల కౌన్సెలింగ్) ఐఐటీ ఖరగ్‌పూర్ మెటలర్జీ (లోహాల ఇంజనీరింగ్) వచ్చింది. ఫ్లోట్ (తర్వాతి రౌండ్లలో ఇంకా పై సీటు దొరికితే దానికి మారే ఆప్షన్) పెట్టి ఉంచాం గానీ ర్యాంకు చూస్తే ఇంతకంటే పైకి కదిలేలా లేదు. ఇటు ఎంసెట్‌లో (పేరు ఎన్నిసార్లు మార్చినా మా ఇంట్లో ఇంకా ఎంసెటే) మంచి ర్యాంకు, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ క్యాంపస్‌లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేలా ఉంది, ఇంటి నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. బావగారు ప్రైవేటు స్కూల్లో టీచరు, అక్క ఇంట్లోనే ఉంటుంది. చుట్టాల వాట్సాప్ గ్రూపు రెండు పార్టీలుగా చీలిపోయింది. ఐఐటీ పేరు జీవితాంతం వెంట ఉంటుందని కొందరు, ఇనుము కరిగించడానికి అంత దూరం దేనికని కొందరు. తెలిసినవాళ్లు లాభనష్టాలు చెప్పండి. "పిల్ల ఇష్టం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఎటూ తేలకే ఇక్కడికొచ్చాను.

కోడ్‌రాజు:
సీఎస్‌ఈ. ఇందులో చర్చేముంది? మెటలర్జీ చదివిన వాళ్లలో ఎక్కువమంది చివరికి చేరేది సాఫ్ట్‌వేర్‌లోనే. పగలంతా థర్మోడైనమిక్స్, ఫేజ్ డయాగ్రమ్‌లు చదివి, రాత్రిళ్లు కోడింగ్ సొంతంగా నేర్చుకుని, ప్లేస్‌మెంట్లలో సీఎస్‌ఈ వాళ్లతోనే పోటీ పడాలి. కొన్ని కంపెనీలైతే ఈ బ్రాంచ్‌లని అప్లై కూడా చేయనివ్వవు. బ్రాంచ్ మారొచ్చులే అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఫస్టియర్‌లో టాప్ సీజీపీఏ (గ్రేడ్ల సగటు) ఉన్న ఏ కొద్దిమందికో దొరికేది అది, కొన్ని ఐఐటీల్లో ఆ పద్ధతే ఎత్తేశారు. పైగా 2023-24లో ఐఐటీల్లోనూ ప్లేస్‌మెంట్లు బాగా దెబ్బతిన్నాయి. పేరు చూసి ఉద్యోగం ఇచ్చే రోజులు పోయాయి మామా.

వైజాగ్ వాసు:
సుందర్ పిచాయ్ చదివింది ఖరగ్‌పూర్ మెటలర్జీయే బ్రో.

కోడ్‌రాజు:
వస్తుందనుకున్నా ఈ మాట 😀 ఆయన ఆ తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లోనూ, వార్టన్‌లోనూ చదివాడని మాత్రం ఎవరూ చెప్పరు. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివాడు, అలాగని అందరం మణిపాల్ వెళ్దామా?

మెస్ బిల్లు:
నేను పాత ఐఐటీల్లో ఒకదాంట్లో కోర్ బ్రాంచ్ (మెటలర్జీ లాంటి, కంప్యూటర్లు కాని బ్రాంచ్) చదివాను, ఏది అన్నది వదిలేయండి. కోడ్‌రాజు చెప్పింది చాలావరకు నిజమే, కానీ ఆయన లెక్క మొత్తం మొదటి ఉద్యోగం దగ్గరే ఆగిపోయింది.

ముందు నష్టం చెబుతా. ఇంటర్ దాకా మనమే టాపర్లం, అక్కడికి వెళ్లాక పక్క గదివాడూ టాపరే, ఎదురు గదివాడూ టాపరే. గ్రేడింగ్ చాలా కోర్సుల్లో రిలేటివ్, అంటే నీకెన్ని మార్కులొచ్చాయన్నది కాదు, క్లాసులో మిగతావాళ్లకంటే ఎక్కడున్నావన్నదే లెక్క. మొదటిసారి సీ గ్రేడు చూసినప్పుడు పడే దెబ్బ మామూలుగా ఉండదు. ఏ తప్పూ చేయకుండానే క్లాసులో సగం మంది కింది సగంలో ఉండాల్సిందే కదా. దీన్ని తట్టుకోలేక క్లాసులు మానేసి గదిలో గేమ్స్‌కి అంటుకుపోయిన వాళ్లని చూశాను. పైగా ఇష్టంలేని బ్రాంచ్ అయితే చదవబుద్ధి కాదు, చదవకపోతే సీజీపీఏ పడిపోతుంది, పడిపోతే ఆ పేరు కూడా పూర్తిగా అక్కరకు రాదు, ఎందుకంటే కంపెనీలు సీజీపీఏ కటాఫ్ పెడతాయి.

ఇక లాభం. దాన్ని జీతంలో వెతికితే దొరకదు. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. విదేశీ యూనివర్సిటీల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుందని, దానికి వాళ్లే మనకి డబ్బిస్తారని, ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాస్తే జవాబిస్తాడని నాకు మెస్‌లో అన్నం తింటూ సీనియర్లు మాట్లాడుకుంటుంటే తెలిసింది. ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లున్న పిల్లాడికి ఈ సంగతులు డైనింగ్ టేబుల్ దగ్గరే తెలుస్తాయి, వాడికి ఐఐటీ వల్ల కొత్తగా వచ్చేది తక్కువ. నాలాంటి వాడికి వేరే దారి లేదు. మీ మేనకోడలు ఈ రెండింట్లో ఎటు వస్తుందో చూసుకోండి.

డాలస్ పద్మ:
మెస్ బిల్లు గారి మాటకి అమెరికాలో పరిశోధనే ఉందండీ. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 1976లో కాలేజీల్లో చేరిన వాళ్లని తీసుకుని 2002లో ఒక పేపర్ రాశారు. ఒకే రకం కాలేజీలకి అప్లై చేసి, సీట్లు కూడా ఒకేలా వచ్చిన వాళ్లలో, కొందరు పెద్ద పేరున్నదానికి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. వాళ్ల సంపాదనలు పోలిస్తే సగటున పెద్ద తేడా కనబడలేదు, అంటే సత్తా పిల్లల్లోనే ఉంది. కానీ తక్కువ ఆదాయం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి మాత్రం తేడా కనబడింది. 2023లో చెట్టి, డెమింగ్, ఫ్రీడ్‌మన్ ఐవీ లీగ్ (అక్కడి బాగా పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు) స్థాయి కాలేజీల మీద చేసిన దాంట్లో కూడా సగటు జీతం పెద్దగా మారలేదు గానీ, అందరికంటే ఎక్కువ సంపాదించే 1 శాతంలో చేరే అవకాశం బాగా పెరిగిందని తేలింది. అక్కడ అడ్మిషన్ల పద్ధతి వేరు, ఫీజులు వేరు, కాబట్టి యథాతథంగా తెచ్చి అతికించకండి.

లెక్కల మాస్టారు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి లక్ష, 2016 నుంచి అంతే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ప్రైవేటు టీచరంటే 5 లక్షల లోపే ఉండొచ్చు, అప్పుడు ఏడాదికి సుమారు 67 వేలు. హాస్టలు, మెస్, రైలు ఖర్చులు అదనం. ఎస్‌బీఐ స్కాలర్ లోన్ కింద ఐఐటీలకి ఆస్తి తాకట్టు లేకుండానే అప్పిస్తారు. జేఎన్‌టీయూ ఎలా చూసినా చవకే, అందులో వాదన లేదు, కానీ "ఐఐటీ అంటే భరించలేం" అని ఆదాయం సర్టిఫికెట్ తీయకుండానే వదిలేసుకోకండి.

నిజాంపేట మామ:
ఆదాయం 5 లక్షల లోపే. ఈ మాఫీ సంగతి మా గ్రూపులో ఒక్కరూ చెప్పలేదు, థాంక్స్ మాస్టారూ.

ఇంకో సంగతి. నిన్న రాత్రి పిల్లని కూర్చోబెట్టి అడిగితే అది అసలు బ్రాంచ్ మాటే ఎత్తలేదు. "ఇక్కడ చదివితే సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి మామయ్యా, అక్కడైతే రాత్రి పదింటికి లైబ్రరీకి వెళ్తానన్నా ఎందుకని ఎవరూ అడగరు" అంది. అక్క వెనక నుంచి వింటోంది, ఏమీ అనలేదు. ఇప్పుడు దీన్ని లాభంలో రాయాలా నష్టంలో రాయాలా?

కోడ్‌రాజు:
దానికి ఖరగ్‌పూర్ దేనికి? జేఎన్‌టీయూలోనూ హాస్టలుంది.

సిద్దిపేట స్వప్న:
ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని హాస్టలు ఎవరిస్తారు, ఇచ్చినా వాళ్లమ్మ పంపుతుందా? మగపిల్లాడైతే సెకండియర్‌లోనే బైకు కొనిచ్చి ఊరంతా తిరగమంటారు. ఆడపిల్లకి దూరంగా ఉన్న పెద్ద కాలేజీలో సీటే ఇంటి నుంచి బయటపడే దారి, ఐఐటీ అంటేనే కదా నాన్నలు రైలెక్కించేది, అదే దూరంలో పేరులేని కాలేజీ అయితే గుమ్మం దాటనిస్తారా? మీరంతా దాన్ని పక్కన పెట్టి ప్యాకేజీలు లెక్కేస్తున్నారు. నేనైతే లాభంలో మొదటి వరసలో రాస్తా.

కోడ్‌రాజు:
స్వప్న గారూ, ఒప్పుకుంటా, కానీ ఆ స్వేచ్ఛకి ఇష్టంలేని సబ్జెక్టు నాలుగేళ్లు చదవడం ఖరీదైన బేరమే.

మెస్ బిల్లు:
ఇష్టంలేదని ఎవరన్నారు? ఇంటర్ చదివే పిల్లకి మెటలర్జీ అంటే ఏంటో తెలిసే అవకాశమే లేదు, కోడింగూ అంతే. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో కరిక్యులమ్ తీసి సెకండియర్ కోర్సుల పేర్లు చూపించండి, జేఎన్‌టీయూ సిలబస్ కూడా పక్కన పెట్టండి, ఒక సాయంత్రం పని. ఫిజిక్స్, కెమిస్ట్రీ పేరెత్తితే మొహం మాడ్చే పిల్ల అయితే నేను కూడా కూకట్‌పల్లే అంటా.

ఇంకొకటి మామా, తేదీలు జాగ్రత్త. ఐఐటీ సీటు వద్దనుకుంటే జోసా చివరి రౌండుకి ముందే విత్‌డ్రా చేసుకోవాలి. అది దాటాక సీటు ఉంచుకుని చేరితే వచ్చే ఏడు మళ్లీ జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీ ప్రవేశ పరీక్ష) రాయనివ్వరు.

నిజాంపేట మామ:
సరే, రెండు సిలబస్‌లూ ప్రింటు తీసి పిల్లకిస్తాను. ఆదాయం సర్టిఫికెట్‌కి రేపు మీసేవకి వెళ్తున్నా. ఎంసెట్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ స్లాట్ మాత్రం వదులుకోవట్లేదు. ఖరగ్‌పూర్‌లో చదివిన ఆడపిల్లలు ఎవరైనా ఇక్కడుంటే మెసేజ్ చేయండి, మా అక్క ఒకసారి ఫోన్లో మాట్లాడతానంటోంది.