వనరాజకు రక్తం తక్కువ, అసీల్‌కు ఎక్కువ వచ్చింది, జాతి తేడానేనా?

ప్రశ్న (నర్సంపేట): అన్నలూ, పెరట్ల వనరాజ పెట్టలు, ఒక అసీల్ పుంజు, రెండు కడక్‌నాథ్‌లు ఉన్నై. వనరాజలు ముడుచుకొని కూసుంటున్నయని తెలిసినోళ్ల ల్యాబ్‌ల, అదే మనుషులకు చేసే కాడ, రక్తం చూపిచ్చిన. వనరాజకు హిమోగ్లోబిన్ 8, అసీల్‌కు 12, తెల్లకణాలైతే రెండిట్లకు లక్షలల్ల వచ్చినై. వనరాజ జాతికే రక్తం తక్కువుంటదా, ఐరన్ టానిక్ పొయ్యాల్నా?

జవాబు: తమ్మీ, తెల్లకణాల లెక్క చింపి పారెయ్. కోడి ఎర్రకణంల న్యూక్లియస్ ఉంటది, మనిషికి ఉండదు, ఆ మిషన్ దాన్ని చూసి తెల్లకణమే అనుకుంటది. హిమోగ్లోబిన్ గూడ ఉన్నదానికంటె ఎక్కువ చూపెట్టొచ్చు. కోళ్లకు నాట్-హెరిక్ ద్రావణం కలిపి మైక్రోస్కోప్ కింద చేత్తోనే లెక్కపెడతరు. నువ్వు అడగాల్సింది పీసీవీ, సన్న గాజుగొట్టంల రక్తం తిప్పితే ఎర్రకణాల పొర ఎంతుందో కంటికే కనపడ్తది, పెద్ద కోళ్లకు 22 నుంచి 35 శాతం దాకా మామూలే. ఇంకోటి, నువ్వు పెట్టను పుంజుతోని పోల్చినవ్! మగ హార్మోన్‌తోని పుంజుకు ఎర్రకణాలు ఎట్లయినా ఎక్కువుంటై. జాతి తేడా చూడాల్నంటే ఒక్క ఈడు పెట్టలను, ఒక్క మేత తినేటియి చూడాలె. వనరాజ మన రాజేంద్రనగర్‌ల పెరటి కోసమే తయారుచేసిన జాతి, దాని మీద నింద ఎందుకు.

ఇంకొకరు (బ్రాయిలర్ షెడ్డు, హసన్‌పర్తి): జాతి తేడా అస్సలే లేదనకున్రి. బ్రాయిలర్ జల్ది పెరుగుతది, గుండె ఊపిరితిత్తులు అందుకోవు, ఆక్సిజన్ చాలక ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ చేసుకుంటది, రక్తం చిక్కబడి గుండె కుడిపక్క అలసిపోయి కడుపుల నీళ్లు చేరి సస్తది, చలికాలం మాకు ఇదే లొల్లి. రక్తం ఎక్కువుంటే బలం అనుకునుడు తప్పు. కడక్‌నాథ్‌కైతే తురాయి నల్లగుంటది గాబట్టి పాలిపోయింది తెల్వదు, పీసీవీనే దిక్కు. దాని రక్తం గూడ ఎర్రదే, నల్ల రక్తం అనేది అమ్మేటోళ్ల మాట.

ప్రశ్న అడిగినాయన: వనరాజల తురాయిలు పాలిపోయినయన్నా. అసీల్ రాత్రి చెట్టెక్కుతది, ఇవి మాత్రం గూట్లనే పండుకుంటై.

జవాబు: అగో, అసలు సంగతి ఇప్పుడు చెప్పినవ్. రాత్రి టార్చ్ వట్టుకొని గూట్ల కర్రల కింద, సందులల్ల చూడు, తెల్ల కాయితంతోని రుద్దు, ఎర్ర మరకలైతే రక్తం తాగే ఎర్ర నల్లులే. పగలు సందులల్ల దాక్కుంటై, కోడి మీద దొరకవు. అవి ఉండంగ టానిక్ పోసుడంటే ఓటికుండల నీళ్లు పోసినట్టే. గూడు ఖాళీ చేసి సందులు గీకి మసిలే నీళ్లు పొయ్యి, డాక్టర్ చెప్పిన మందు కొట్టు, గుడ్ల నుంచి మళ్ల పిల్లలైతై గాబట్టి వారానికి ఇంకోసారి కొట్టాలె. నల్లులు లేకుంటె రెట్ట పరీక్ష చేపియ్, పురుగులో, పేగులల్ల చేరే కంటికి కనపడని కాక్సిడియా క్రిములో తెలుస్తది. మామునూర్ వెటర్నరీ కాలేజీల అడుగు, రక్తం రెక్క నరంల నుంచి ఈడీటీఏ ట్యూబ్‌ల (రక్తం గడ్డకట్టకుంట మందు ఉండే ట్యూబ్) తీపియ్యాలె. మందు వాడినంక గుడ్లు ఎన్ని రోజులు తినొద్దో అది గూడ అప్పుడే అడుగు.