‘ఫోటోలు కుట్టబడుతున్నాయి’: ఈ మాటను ఎలా బాగుచేద్దాం?

అందరికీ నమస్కారం. ఒక ఉచిత ఫోటో యాప్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో ఓ చెయ్యి వేస్తున్నాను. పక్కపక్కన తీసిన నాలుగైదు ఫోటోలను కలిపి ఒకే పొడుగాటి బొమ్మగా చేస్తుంది చూడండి, పనోరమా, ఆ పని సాగుతున్నంతసేపూ తెర మీద ఒక వాక్యం కనిపించాలి. నాకు ముందు చేసినవారెవరో ఇంగ్లీషు ‘స్టిచింగ్’ను మక్కికి మక్కి దించి ‘ఫోటోలు కుట్టబడుతున్నాయి’ అని పెట్టి వెళ్లిపోయారు. మా అమ్మకు చూపిస్తే, ‘ఏం కుట్టిందిరా, తేలా?’ అంది.

దోమ కుడుతుంది, దర్జీ కుడతాడు, పాపకు చెవులు కుట్టిస్తాం, దెబ్బ తగిలితే డాక్టరు కుట్లు వేస్తాడు. బొమ్మల్ని ఎవరు కుట్టారు? ఇంగ్లీషు వాక్యాల నుంచి దిగిన ఆ ‘బడు’ సంగతి నేను ఎత్తను, ఈ గుంపులో చాలామందికి బీపీ ఉంది.

మాట దొరకాలంటే ముందు పనేమిటో తెలియాలి కదా. మొన్న రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి ఎడమ నుంచి కుడికి ఏడు ఫోటోలు తీశాను. ప్రతి ఫోటోలోనూ దాని ముందు ఫోటోలో ఉన్నది మూడో వంతు మళ్లీ పడేలా చూసుకున్నాను. ఆ రెండిట్లోనూ ఉన్న గుర్తుల్ని యాప్ వెతుక్కుంటుంది: ఫలానా స్తంభం అంచు, ఫలానా గర్డరు మూల. ఆ గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చునేలా రెండో ఫోటోను తిప్పి, కాస్త సాగదీసి, వెలుగు తేడా సర్ది, మధ్య గీత కనపడకుండా కలిపేస్తుంది. నా బొమ్మలో ఏమైందంటే, 1900లో తెరిచి 1997లో రైళ్లు ఆపేసిన పాత హేవలాక్ వంతెన, తిన్నగా ఉండాల్సింది, విల్లులా వంగింది. ఒక పడవ రెండు చోట్ల కనపడింది. మెట్ల పక్క రెయిలింగు మధ్యలో విరిగినట్టు పడింది.

ఈ మొత్తం పనికి ఒక క్రియ కావాలి. ఇంకోటి, గీత కనపడకుండా కలిసిన బొమ్మను ఏమనాలి? ‘అతుకులు లేని’ అనేశారు ఇప్పటికి. నాకు రుచించలేదు.

తెనాలి నుంచి: అతకడం అనండి, హాయిగా ఉంటుంది.

విశాఖ నుంచి: అతుకు అంటే మనవాళ్లకు చిన్నచూపండీ. ‘అతుకుల బొంత’ అని సినిమాను తిట్టడానికి వాడతాం. అతుకుల బతుకు అంటాం. అనుసంధానం బాగుంటుందేమో.

తెనాలి నుంచి: అనుసంధానం చేయడానికి ఆధార్ నంబరు అడుగుతుందా మీ యాప్?

గుంటూరు నుంచి, రిటైరైన తెలుగు పంతుల్ని: నవ్వులాట తర్వాత. ఈయన చెప్పిన పనికి మనకు ఎప్పటినుంచో పేరుంది, సంధి. రెండు అచ్చులు ఎదురుపడితే రెండిటి చోటా ఒకటే నిలుస్తుంది. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు ముందున్న ఉకారం పోయి వెనక అకారం నిలిచింది. మీ యాప్ రెండు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఒకదాన్ని కోసి రెండోదాన్ని ఉంచితే అది ఉత్వసంధి.

అన్నిసార్లూ అలా కోయదు, రెండిటినీ కలిపి మూడో రంగు తేలుస్తుంది అంటారా? అది గుణసంధి. ‘దేవ’, ‘ఇంద్రుడు’ కలిస్తే ‘దేవేంద్రుడు’. అందులో అకారమూ లేదు, ఇకారమూ లేదు, ఏకారం వచ్చి కూర్చుంది. బొమ్మ అంచుల్లో ఖాళీలు మిగిలితే యాప్ తనే ఏదో పుట్టించి నింపుతుందట కదా, మా మనవడు చూపించాడు. అది యడాగమం, ‘మా’, ‘అమ్మ’ల మధ్య ఎవరూ పిలవకుండా యకారం వచ్చి ‘మాయమ్మ’ అయినట్టు. ఇక మీ పడవ రెండుసార్లు పడిందన్నారే, అది ఆమ్రేడితం. ఔరౌర!

నేను: మాస్టారూ, పాదాభివందనం. పదో తరగతిలో మీరు ఉండి ఉంటే నాకు వ్యాకరణం వచ్చేది. కానీ తెర మీద ‘సంధి చేస్తోంది’ అని పెడితే యుద్ధం ఆగిందనుకుంటారు.

తెనాలి నుంచి: లేదా ఫోనుకు జ్వరం వచ్చి సంధి పుట్టిందనుకుంటారు. కాసేపటికి వేడెక్కుతుంది కూడా.

గుంటూరు నుంచి: ఒప్పుకున్నాను. పేరుగా వద్దు, ఉపమానంగా ఉంచండి.

సియాటిల్ నుంచి: క్రియ సరే, పనోరమాకు తెలుగు లేదా? ‘చుట్టుచూపు’ ఎలా ఉంది? గ్రీకులో ‘పాన్’ అంటే అంతా, ‘హొరామా’ అంటే దృశ్యం. ఆ మాట పాతదేం కాదు. ఎడిన్‌బరోలో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు గుండ్రటి గది గోడంతా ఒకే దృశ్యం గీసి, చూసేవాళ్లను మధ్యలో నిలబెట్టే పద్ధతికి 1787లో పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు పెట్టిన పేరు ఫ్రెంచిలో, ‘ఒక్క చూపులో ప్రకృతి’ అన్న అర్థం వచ్చేలా. అది జనం నోట నిలవలేదు. పనోరమా అన్నది నాలుగైదేళ్ల తర్వాత గ్రీకు ముక్కలు ఏరుకుని అతికించిందే. వాళ్లు అతికించగా లేనిది మనం అతికించకూడదా?

నేను: చుట్టుచూపును ఎవరైనా చుట్టపుచూపు అని చదువుతారండీ. పనోరమా అందరికీ తెలుసు, వదిలేద్దాం. కొందరు విహంగ వీక్షణం అని రాస్తున్నారు. అది పైనుంచి పక్షి చూసేది, ఘాట్ మెట్ల మీద నిలబడ్డవాడు చూసేది కాదు.

చెన్నై నుంచి: మీ మాటల్లోనే అతకడం, అతికించడం రెండూ వచ్చేశాయి. ఆ రెండూ ఒకటేనా? నాకు అతికించడం అంటే జిగురు కనపడుతుంది, గోడ మీద పోస్టరు. అతకడం అంటే అంచుకు అంచు కలవడం. లినేయస్ ట్రైప్ అని మద్రాసు ప్రభుత్వానికి ఫోటోగ్రాఫరుగా పనిచేసిన కెప్టెన్ ఉండేవాడు. 1858లో తంజావూరు పెద్దగుడి పునాది చుట్టూ ఉన్న శాసనాలను ముక్కముక్కలుగా తీసి, 21 ప్రింట్లు పక్కపక్కన చేర్చి దాదాపు 19 అడుగుల బొమ్మ చేశాడు. గుడి చుట్టూ నడుస్తూ చదవాల్సింది ఒక్క పట్టీ మీద చదువుకోవచ్చు. అది కచ్చితంగా అతికించడమే. యాప్ చేసేది అది కాదు.

ఒంగోలు నుంచి, స్టూడియో నడుపుతాను: మేం జాయిన్ చేయడం అంటాం అన్నా, అంతకుమించి పేరేం లేదు. నీ రెయిలింగు ఎందుకు విరిగిందో చెప్తా. నువ్వు కాళ్ల మీద తిరిగావు, ఫోను చేయి చాపి పట్టుకున్నావు, అంటే ఫోను తన చోటు నుంచి అరగజం జరిగింది. బొటనవేలు కళ్ల ముందు పెట్టి ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి చూడు, వేలు గెంతుతుంది, దూరంగా ఉన్న గోడ కదలదు. రెయిలింగు దగ్గరగా ఉంది కాబట్టి గెంతింది. ఫోనే ఇరుసు అనుకుని దాని చుట్టూ నువ్వు తిరగాలి. వెలుగు కూడా మొదటి ఫోటోకే లాక్ చేసుకో, లేకపోతే ఆకాశం చారలు చారలుగా వస్తుంది. వంతెన వంగడం మాత్రం నీ తప్పు కాదు. గొట్టం లోపలి గోడ మీద బొమ్మ వేసి, గొట్టాన్ని చీల్చి నేల మీద పరిచినట్టు చేస్తుంది అది. అలా పరిస్తే తిన్నటి గీతలు వంగుతాయి.

చీరాల నుంచి: మాది బట్టల కొట్టు. అతుకు లేకుండా ఒకే తానులో వచ్చిన గుడ్డను మా నాన్న ఏకాండి అనేవారు. ‘అతుకులు లేని’ అనే బదులు ‘ఏకాండి బొమ్మ’ అంటే?

గుంటూరు నుంచి: మాట బంగారం, కానీ ఇక్కడ అబద్ధం. ఏకాండి పుట్టుకతోనే ఒకటి. ఈ బొమ్మ ఏడు ముక్కలు.

పోచంపల్లి నుంచి: పొద్దటి నుంచి చదువుతున్న, ఆగలేక రాస్తున్న. మా అమ్మ అచ్చు అతుకుతది. అచ్చు అంటే మగ్గంలో పోగులు దూరే దువ్వెన లాంటిది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే మొత్తం తీసి పారెయ్యరు. అచ్చులో ఉన్న పాత పోగుల చివర్లు అట్లనే ఉంచుతరు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగు ఒక్కొక్కటి మెలిపెట్టి కలుపుతది. చీర వెడల్పుకు వేల పోగులు. ఏ పోగుకు ఏ పోగో వరుస తప్పొద్దు, తప్పితే కొత్త చీర మొత్తం తప్పే. ఆమె ఆ పని మీద కూసుంటే మేం పలకరించం. గంటలకు గంటలు. అయినంక మెల్లగ ముందుకు లాగితే ముడి లేకుండా అచ్చులోంచి జారిపోతది. మీరు గుర్తుకు గుర్తు కలుపుడు అన్నరు సూడండి, అదే ఇది. అతుకు అంటే చిన్నచూపు అన్న సారుకు మా ఇంటికొచ్చి సూడమని చెప్పండి.

విశాఖ నుంచి: వెనక్కి తీసుకున్నాను తల్లీ. మా ఊళ్లో బొంతే చూశాను, మగ్గం చూడలేదు.

గుంటూరు నుంచి: నేను పొద్దటి నుంచి అచ్చులు కలపడమే చెబుతున్నాను, ఈ అమ్మాయి అచ్చు అతకడం చెబుతోంది. మా అచ్చు సంస్కృతం నుంచి వచ్చింది, మీ అచ్చు వేరు, రెండిటికీ చుట్టరికం లేదు. అయినా రెండూ ఒకే పని దగ్గర కలిశాయి చూశారా.

నేను: తేల్చేశాను. క్రియ ‘అతకడం’. తెర మీద ‘ఫోటోలు అతుకుతున్నాం, కాస్త ఆగండి’. ‘అతుకులు లేని’ తీసేసి ‘అతుకు తెలియని’ అని పెడుతున్నాను, ఎందుకంటే అతుకు ఉంది, తెలియడం లేదంతే. అమ్మకు మళ్లీ చూపించాను. ‘అతుకుతున్నాం అంటే ఎవరెవరు? లోపల ఎంతమంది ఉన్నారు?’ అంది. దాన్ని ‘అతుకుతోంది’ చేశాను.

సియాటిల్ నుంచి: అతికిన తర్వాత అంచులు ఎగుడుదిగుడుగా వస్తాయి కదా, వాటిని కోసేదానికి ఏం పెట్టారు?

నేను: ఇంకా ‘క్రాప్’ అనే ఉంది. పాతవారు ‘పంట’ అని పెట్టి వెళ్లారు.

తెనాలి నుంచి: దానికి వేరే పోస్టు పెట్టండి, నేను టీ తాగి వస్తాను.