శృంగార సన్నివేశం రాయబోతే ధాన్యం లెక్కలు వస్తున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో గుమస్తాను. రాత్రిపూట పెద్దలకు మాత్రమే అనే రకం కథలు రాస్తుంటాను. ఇప్పటి కథలో ముప్పై దాటిన మొగుడూపెళ్లాలు. సాగర్ డ్యామ్ చూసి లాడ్జికి వచ్చేదాకా బాగానే నడిచింది. తలుపు గడియ పడగానే నా పెన్ను మొరాయిస్తోంది.

మొదటి తంటా చేతులు. అతని చేయి ఒకటి ఆమె నడుం మీద, ఒకటి జడలో, ఇంకోటి లైటు స్విచ్ మీద ఉన్నాయి. ఆ మూడోది ఎవరిదో నాకే తెలియదు.

తర్వాత ఉపమానాలు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే కొర్రీ పెడతారు కదా, బుర్రలో అదే తిరుగుతుంది. 'ఆమె మెడ మీద చెమట పరిమితి దాటింది' అని రాశాను, నిజంగా! మా ఆవిడ చదివి, "గిది ముద్దా, కాంటానా?" అంది.

తుమ్మెద, పువ్వు అనేసి దీపం ఆర్పేస్తే మోసం చేసినట్టుంటుంది. అవయవాల పేర్లు ఉన్నవున్నట్టు రాస్తే డాక్టర్ రిపోర్టు, సంస్కృతంలో రాస్తే పురాణం. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఎలా రాస్తారు? వాళ్లిద్దరూ నవ్వుకున్నా పర్లేదు, చదివేవాళ్లు నన్ను చూసి నవ్వకపోతే చాలు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. ఆ చేయి ఇంకా స్విచ్ మీదే ఉంది.