ఆల్ప్స్ కనుమల మీది రోడ్లను వారంలో కొన్ని రోజులైనా కార్లకు, బైకులకు మూసేయాలా?

కొండదారి:
ఈ వేసవిలో సైకిల్ మీద రెండు కనుమలు ఎక్కాను. ఒకటి ఇటలీలోని స్టెల్వియో, 2,757 మీటర్లు. రెండోది స్విట్జర్లాండ్‌లో మైరింగెన్ నుంచి గ్రిండెల్‌వాల్డ్‌కి దాటించే గ్రోస్సె షైడెగ్, 1,962 మీటర్లు. పేరు, ఎత్తు, ఫొటోలు అన్నిట్లోనూ స్టెల్వియోదే పైచేయి. కానీ మళ్లీ వెళ్లమంటే నేను రెండోదానికే వెళ్తాను.

స్టెల్వియోకి ప్రాటో ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గరా దాని నంబరు ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఆ అంకెలు చూసుకుంటూ తొక్కడం బాగానే ఉంటుంది. కానీ నేను వెళ్లింది ఆదివారం. బైకుల గుంపు వస్తోందని రెండు మలుపుల కింద ఉండగానే తెలిసిపోతుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుని గోడ వైపుకి జరుగుతాను. వాళ్లు దాటాక కాసేపు పొగ వాసన, ఆ వెంటనే ఇంకో గుంపు. పైకి చేరేసరికి కాళ్ల కంటే బుర్ర ఎక్కువ అలిసిపోయింది.

గ్రోస్సె షైడెగ్ మీద ష్వార్ట్స్‌వాల్డ్‌ఆల్ప్ దాటాక సొంత కార్లు, బైకులు వెళ్లకూడదు. బస్సు, సైకిళ్లు, నడిచేవాళ్లు, పర్మిట్ ఉన్న స్థానికులు, అంతే. రోడ్డు బస్సు పట్టేంత వెడల్పే. గుడ్డి మలుపు వెనక నుంచి హారన్ వినపడగానే దిగి, సైకిల్‌ని గడ్డిలోకి లాగి నిలబడ్డాను. డ్రైవర్ చెయ్యెత్తి పలకరించి వెళ్లాడు. ఆ తర్వాత చాలాసేపు ఆవుల మెడగంటలు, నా చెయిన్ చప్పుడు, వెట్టర్‌హార్న్ కొండ రాతిగోడ మీద ఎక్కడో నీళ్లు జారుతున్న శబ్దం. ఇంకేమీ లేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు నా గుండె చప్పుడు కూడా నాకు వినిపించింది.

అందుకే అడుగుతున్నాను. ఇటలీలో అసియెట్టా మట్టిరోడ్డును జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు మోటారు వాహనాలకు మూసేస్తారు. స్టెల్వియోని ఏడాదికి ఒక రోజు పూర్తిగా సైకిళ్లకే వదులుతారు. ఆ ఒక్క రోజుని వారానికి రెండు రోజులు చేస్తే తప్పేంటి? పెద్ద కనుమలన్నిటికీ ఇదే పద్ధతి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

సుబ్బు_మ్యూనిక్:
కొండదారి గారూ, మీరు రాసింది చదువుతుంటే నాకూ వెళ్లాలనిపించింది. కానీ ఒప్పుకోలేను.

పోయిన ఏడాది అమ్మానాన్న మూడు నెలల వీసా మీద వచ్చారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి బీపీ. కారు అద్దెకు తీసుకుని స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా కనుమ ఎక్కించాను, 2,429 మీటర్లు. పైన రోడ్డు పక్కన ఇంకా కరగని మంచు కొంత ఉంది. అమ్మ దిగి, పిడికెడు తీసుకుని, అది మొత్తం కరిగి నీళ్లు మణికట్టు దాకా కారేవరకు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత ఆ తడిచెయ్యి నాన్న బుగ్గకి ఆనించింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన్ని అలా ఆటపట్టించడం నేను ఎప్పుడూ చూడలేదు.

అది బుధవారం. నాకు దొరికిన సెలవు అదొక్కటే. మీరు చెప్పిన రూల్ ఉండుంటే గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చేవాళ్లం. తొక్కగలిగిన కాళ్లున్నవాళ్లకేనా కొండలు?

పాతబాట:
ఇది కొత్త గొడవేమీ కాదండీ. స్విట్జర్లాండ్‌లోని గ్రౌబుండెన్ రాష్ట్రంలో 1900 నుంచి 1925 దాకా కార్లను అసలు తిరగనివ్వలేదు. ఎత్తివేయాలా వద్దా అని జనం మళ్లీ మళ్లీ ఓట్లేశారు, మళ్లీ మళ్లీ వద్దనే అన్నారు. ఇవాళ మనం తిరిగే ఆల్బులా లాంటి కనుమలన్నీ ఆ రాష్ట్రంలోవే. చివరికి 1925లో ఒప్పుకున్నారు. అంటే నిషేధం పెట్టడం కుదరని పని కాదు. అలాగే ఎల్లకాలం నిలిచేదీ కాదు.

నాకు నచ్చిన దారి స్విట్జర్లాండ్‌లోనే ఉన్న గొత్తార్డ్ కనుమది. 1980లో దాదాపు 17 కిలోమీటర్ల రోడ్డు సొరంగం తెరిచారు. త్వరగా వెళ్లాల్సినవాళ్లు కొండ లోపలి నుంచి పోతారు. పైన కనుమ మీద ఇంకో మంచి రోడ్డు ఉంది. ఇక ఐరోలో వైపు గ్రానైట్ రాళ్లు పరిచిన పాత ట్రెమోలా రోడ్డు 24 మలుపులతో అలాగే మిగిలింది. కార్లకు అనుమతి ఉన్నా వచ్చేవి తక్కువ. నేను పొద్దున ఆరున్నరకి ఎక్కడం మొదలుపెడితే పైదాకా ఎదురైనవి మూడే కార్లు. రాళ్ల మీద చక్రం అదిరి అదిరి అరచేతులు తిమ్మిరెక్కాయి, అదొక్కటే కష్టం. ఎవరినీ ఆపకుండానే ప్రశాంతత దొరికింది.

శ్యామల_నడక:
నడిచేవాళ్ల సంగతి ఇక్కడ ఒక్కరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నాను.

కార్లు ఆపేసిన రోజు రోడ్డు ఖాళీగా ఉండదు, సైకిళ్లతో నిండిపోతుంది. దిగేటప్పుడు వాళ్ల వేగం మీకు తెలుసు. కారైతే ముందే వినపడుతుంది. సైకిల్ పక్కకొచ్చేదాకా తెలియదు. ఒకసారి కనుమ నుంచి దిగుతూ, నడిచేవాళ్ల బాటకి గుర్తుగా తెలుపు ఎరుపు తెలుపు గీతలున్న సన్న కాలిబాట మీద, మలుపులోంచి బ్యాటరీ సైకిల్ ఒకటి మీదికొచ్చింది. తప్పుకోబోయి చెయ్యి ముళ్లకంచెకి గీసుకుపోయింది. ఆ అబ్బాయి ఆగి క్షమాపణ చెప్పాడు, మంచివాడే. కానీ ఆ తర్వాత గంటసేపు వెనక్కి చూసుకుంటూనే నడిచాను.

ప్రశాంతతే కావాలంటే రోడ్డు లేని కనుమకి వెళ్లండి. బివియో నుంచి కసాచ్చాకి దాటే సెప్టిమర్ ఉంది, 2,310 మీటర్లు, రోమన్ల కాలం నుంచి మనుషులు దాటుతున్న దారి. అవతలికి దాటే కారు రోడ్డు లేదు కాబట్టి అక్కడ ఎవరినీ నిషేధించాల్సిన పని లేదు. రోడ్లున్న కనుమలను కారువాళ్లకి వదిలేయండి, సుబ్బు గారి అమ్మానాన్నలు కూడా చూస్తారు.

హెల్మెట్:
నేను బైకర్‌ని. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. అసలు సమస్య చప్పుడు. ఆస్ట్రియాలో టిరోల్ రాష్ట్రం వాళ్లు 2020లో రాయిటె జిల్లాలోని కొన్ని రోడ్ల మీద, నిలిపి ఉంచినప్పుడు కొలిచిన శబ్దం 95 డెసిబెల్స్ దాటే బైకుల్ని వేసవిలో రానివ్వబోమన్నారు. ఆ అంకె బండి కాగితాల్లోనే ఉంటుంది, పోలీసు చూస్తే తెలిసిపోతుంది. నా బండి 91. నాకు ఏ ఇబ్బందీ లేదు. రోజుల లెక్కన కాకుండా ఇలా డెసిబెల్స్ లెక్కన ఆపితే నేనూ ఓటేస్తాను.

కొండదారి:
అందరివీ రెండేసిసార్లు చదివాను.

శ్యామల గారూ, కాలిబాట మీద నడిచేవాళ్లకే మొదటి హక్కు, అందులో వాదన లేదు. సన్న బాటలో మనిషి కనిపిస్తే నేను దిగి సైకిల్ నడిపించుకుంటాను, అందరూ అలాగే చేయాలి. అయితే రోడ్లను కార్లకే వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను. చాలా కనుమల్లో పాత కాలిబాట ఆ రోడ్డునే పదిసార్లు దాటుతూ పోతుంది. రోడ్డు మీది రొద మీ బాట మీదా వినిపిస్తుంది.

పాతబాట గారూ, రోడ్డు సొరంగం ఉన్నచోట మీరన్నది నిజం. అది లేని ఫుర్కా, స్టెల్వియో లాంటివాటి మాటేమిటి? హెల్మెట్ గారి డెసిబెల్స్ లెక్క మాత్రం రేపే పెట్టినా నాకు సంతోషం.

సుబ్బు గారూ, మీ అమ్మగారి చేతిలో మంచు గురించి చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. నేను మొదట రాసినదాంట్లో ఒక మాట తప్పిపోయింది. గ్రోస్సె షైడెగ్‌లో కార్లు ఆపడం ఎవరికీ అన్యాయంగా అనిపించకపోవడానికి కారణం బస్సు. నేను గడ్డిలో నిలబడి దారిచ్చిన ఆ బస్సులో కిటికీ పక్కన నెరిసిన తలలే ఎక్కువ కనిపించాయి. ఫుర్కా మీద వేసవిలో పోస్ట్‌బస్సు (అక్కడి ప్రభుత్వ బస్సు) ఉంది కానీ రోజుకి కొన్నే సర్వీసులు. కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. ముందు అరగంటకో బస్సు రావాలి, అదీ పెద్దవాళ్లు సులువుగా ఎక్కి దిగేలా ఉండాలి. ఆ తర్వాతే గేటు వేయాలి. బస్సు లేకుండా గేటు వేస్తే నేనే వ్యతిరేకిస్తాను.

సుబ్బు_మ్యూనిక్:
ఇలా అయితే నాకూ అభ్యంతరం లేదు. వచ్చే జులైలో అమ్మావాళ్లు మళ్లీ వస్తున్నారు. ఆ గ్రోస్సె షైడెగ్ బస్సు పైన ఆగుతుందా? నాన్న ఎంత దూరం నడవాలి? అదే టెన్షన్.

కొండదారి:
మైరింగెన్ స్టేషన్ దగ్గర ఎక్కండి. చాలా సర్వీసులకు ష్వార్ట్స్‌వాల్డ్‌ఆల్ప్‌లో మారాలి, టైమింగ్ ముందే చూసుకోండి. కనుమ మీద బస్సు హోటల్ ముందే ఆగుతుంది, నాన్నగారు నాలుగడుగులు వేస్తే చాలు. గ్రిండెల్‌వాల్డ్ వైపు చూస్తూ కూర్చోమనండి, ఐగర్ శిఖరం కనిపిస్తుంది. జులైలోనూ అక్కడ గాలి చల్లగానే ఉంటుంది, అమ్మగారికి స్వెటర్, చెవులకి స్కార్ఫ్ మర్చిపోకండి.